సరి ఆట: చదరంగమున అసమానుల పోరు

సికింద్రాబాదు మోండా మార్కెటునకు ప్రొద్దుననే కూరగాయలకై పోయినవారు త్రాసును చూడక తిరిగి రారు. ఇప్పుడు అంకెలు చూపు విద్యుత్ కాంటాలు వచ్చినవి గాని, రెండు తట్టల పాత త్రాసు మన కన్నులకు ఇంకను పరిచితమే. ఒక తట్టలో చిన్న ఇనుప తూనికరాయి. రెండవ తట్టలో కుప్పగా వంకాయలు. చూపునకు ఆ రెండును సమానములుగా తోచవు. రాయి పిడికిలిలో ఇమిడిపోవును. వంకాయలు సంచిని నింపును. అయినను ముల్లు నడుమకు వచ్చి నిలిచినంతనే అమ్మువాడును కొనువాడును ఒకే మాట అందురు: "సరి."

చదరంగమున ఎవరును గెలువక ముగిసిన ఆటను నేడు అందరును 'డ్రా' అనుచున్నారు. మేము ఈ వ్యాసమున దానిని సరి ఆట అని వ్యవహరింతుము. అందును ముఖ్యముగా, బలములో ఒకరికొకరు ఉజ్జీ కాని ఇరువురు పోటీలో ఎదురుపడి, ఆటను సరిగా ముగించినప్పుడు ఏమి జరిగినట్లు? ఎవరికి లాభము? ఎవరికి నష్టము? అసలు బలము తక్కువైనవాడు బలవంతుని ఎట్లు నిలువరింపగలడు? ఈ మూడు ప్రశ్నలకు మేము తెలిసినంతవరకు సమాధానము చెప్ప యత్నింతుము.

ఈ ప్రశ్నలు ఆటగాండ్రకు మాత్రమే సంబంధించినవి కావు. మన ఇండ్లలో పిల్లలు పలువురు నేడు చదరంగపు పోటీలకు పోవుచున్నారు. ఆదివారము సాయంకాలము పిల్లవాడు ఇంటికి వచ్చును. తండ్రి గుమ్మములోనే అడుగును: "గెలిచితివా, ఓడితివా?" పిల్లవాడు "డ్రా నాన్నా" అనును. తండ్రి ముఖమున ఉత్సాహము చల్లబడును. తనకంటె ఎంతో బలవంతుడైన వానితో నాలుగు గంటలు కూర్చుండి, ఒక్కొక్క ఎత్తుకు గుండె దిటవు చేసికొని, ఓటమి నోటినుండి ఆటను లాగికొని వచ్చిన సంగతి ఆ పిల్లవాడు ఎట్లు చెప్పగలడు? చెప్పుటకు వానికి మాటలు చాలవు. వినుటకు తండ్రికి లెక్క తెలియదు. కావున ముందుగా ఆ లెక్కయే చూతము.

పోటీలో గెలిచినవానికి ఒక పాయింటు, ఓడినవానికి సున్న, సరియైనచో చెరి అర పాయింటు. ఇది నేడు చిన్నపిల్లలకును తెలిసినదే. కాని ఎల్లప్పుడును ఇట్లు లేదు. 1862లో లండనునందు జరిగిన గొప్ప పోటీలో సరి ఆటలను లెక్కింపక, ఎవరో ఒకరు గెలుచువరకు మరల ఆడించిరి. అందువలన కాలము వ్యర్థమయ్యెను, ఆటగాండ్రు అలసిరి. 1867లో స్కాట్లండునందలి డండీ నగరపు పోటీలో సరి ఆటకు చెరి సగము ఇచ్చు పద్ధతిని అవలంబించిరి. ఆ అర పాయింటుతో సరి ఆటకు ఒక విలువ ఏర్పడినది.

అయితే ఆ అర పాయింటు ఇరువురికిని ఒకే విలువ గలదా? పోటీ పట్టికలో చూచినచో ఒకే విలువ. ఆటగాని బలమును కొలుచు రేటింగు పట్టికలో చూచినచో కాదు. ఈ రేటింగు లెక్కను రూపొందించినవాడు హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆర్పాడ్ ఎలో. 1960లో అమెరికా చదరంగ సమాఖ్యయు, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్యయు దీనిని స్వీకరించినవి. దీని మూలసూత్రము సులభమైనది. ఇరువురి రేటింగుల నడుమ గల తేడానుబట్టి, నూరు ఆటలు ఆడినచో ఎవరికి ఎన్ని పాయింట్లు రావలెనో ముందుగా అంచనా వేయుదురు. తేడా ఏమియు లేకున్న చెరి యేబది. తేడా 200 అయినచో బలవంతునికి 76, రెండవవానికి 24. తేడా 400 అయినచో బలవంతునికి 92, రెండవవానికి 8 మాత్రమే. ఆట ముగిసిన తరువాత అంచనాకు మించి తెచ్చుకొన్నవానికి రేటింగు పెరుగును. అంచనాకు తగ్గినవానికి తరుగును.

ఒక ఉదాహరణము. 2450 రేటింగు గల ఆటగాడు 2250 రేటింగు గల పెద్దవయసు ఆటగానితో ఆడినాడు, ఆట సరియైనది. బలవంతునినుండి మనము ఆశించినది 0.76. వచ్చినది 0.5. లోటు 0.26. రేటింగు 2400 తాకినవారికి ఈ లోటును పదితో గుణింతురు. కావున అతనికి 2.6 పాయింట్లు పోయినవి. రెండవవానినుండి ఆశించినది 0.24, వచ్చినది 0.5. ముప్పది ఆటలు పూర్తిచేసి 2400 తాకని పెద్దలకు గుణకము ఇరువది. కావున వానికి 5.2 పాయింట్లు కలిసినవి. ఆ రెండవవాడు పదునెనిమిదేండ్లలోపు బాలుడై, వాని రేటింగు 2300లోపు ఉన్నచో గుణకము నలుబది. అప్పుడు లాభము 10.4. ఇక తేడా 400 అయినచో, బలహీనుడు ఆరు ఆటలకు పైగా ఆడి కూడబెట్టవలసిన ఫలమును ఒక్క సరి ఆటలో సంపాదించినట్లు. ఈ లెక్క తెలిసిన తండ్రి "డ్రా నాన్నా" అను మాట వినినప్పుడు, ఎదుటివాని రేటింగు ఎంత అని అడుగకుండునా?

ఇప్పుడు మన తెలుగువారికి సంబంధించిన ఒక గొప్ప సందర్భమును స్మరింతము. 2025 జూలై మాసమున జార్జియా దేశమందలి బటూమి నగరమున మహిళల ప్రపంచ కప్పు పోటీ జరిగెను. తుదిపోరునకు వచ్చిన ఇరువురును భారతీయులే. ఒకరు మన గుడివాడలో 1987 మార్చి 31న జన్మించిన కోనేరు హంపి. రెండవవారు నాగపూరునకు చెందిన దివ్యా దేశ్‌ముఖ్. హంపి 2002లో, పదునైదేండ్ల వయసున గ్రాండ్‌మాస్టరు బిరుదు పొంది, ఆ బిరుదు పొందిన తొలి భారతీయ మహిళ అయినది. దివ్య జన్మించినది 2005 డిసెంబరులో. అనగా ఒకరు గ్రాండ్‌మాస్టరు అయిన మూడేండ్లకు రెండవవారు ఈ లోకమును చూచిరి. హంపి అప్పటికే 2019లోను, 2024లోను వేగపు చదరంగమున ప్రపంచ విజేత. దివ్యకు అప్పటికి గ్రాండ్‌మాస్టరు బిరుదు కూడ లేదు. నాటి రేటింగులు హంపికి 2543, దివ్యకు 2463. తేడా 80. లెక్క ప్రకారము హంపినుండి ఆశించినది 0.61, దివ్యనుండి 0.39.

జూలై 26న తొలి ఆట. దివ్య ఆరంభముననే మంచి అవకాశమును సంపాదించుకొన్నది. హంపి అనుభవమంతయు వినియోగించి ఆ ప్రమాదమునుండి బయటపడినది. ఆట సరి. జూలై 27న రెండవ ఆట. అదియును సరి. రేటింగు పట్టిక చూపిన తేడా రెండు దినములు బల్లపై కనబడలేదు. ఒక్కొక్క ఆటకు దివ్యకు 1.1 పాయింటు లాభము, హంపికి అంతే నష్టము. అది స్వల్పమే. అసలు ఫలితము వేరొకచోట ఉన్నది. సరి ఆటలు రెండును కలిసి పోరును మూడవ దినమునకు, తక్కువ సమయముతో ఆడు వేగపు ఆటలకు లాగికొని పోయినవి. జూలై 28న వేగపు ఆటలలో మొదటిది సరి. రెండవదానిలో నల్లపావులతో ఆడిన దివ్య గెలిచినది. ఆ గెలుపుతో ఆమెకు ప్రపంచ కప్పును, నియమము ప్రకారము నేరుగా గ్రాండ్‌మాస్టరు బిరుదును లభించినవి. ఇదే పోటీలో అంతకు ముందు గుంటూరు ఆడబిడ్డ, 2011లో గ్రాండ్‌మాస్టరు అయిన ద్రోణవల్లి హారికతో కూడ దివ్య రెండు సుదీర్ఘపు ఆటలను సరిచేసి, వేగపు ఆటలలో గెలిచినది.

తెలుగువారముగా మాకు ఆ ఫలితము కొంత మనస్తాపము కలిగించిన మాట నిజము. కాని సరి ఆట విలువ తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. దివ్య మొదటి రెండు దినములలో ఓడకుండుటయే మూడవ దినపు గెలుపునకు త్రోవ చేసినది. మొదటి ఆటలో ప్రమాదమున పడిన హంపి తలవంచక సరి తెచ్చుకొనుట కూడ సామాన్యమైన పని కాదు. అట్టి స్థితిలో పలువురు ఒక్క దినముననే ఓడి తేరుకొనలేకపోదురు. ఒకే సరి ఆట ఇరువురికిని గౌరవము తెచ్చుట చదరంగమున సాధ్యము.

బలవంతునికి సరి ఆట ఎంత భారమో చూపుటకు మన వరంగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసిని పేర్కొనవలెను. 2003లో జన్మించిన ఈతడు 2018లో గ్రాండ్‌మాస్టరు అయ్యెను. 2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడునందు భారత జట్టు పక్షమున మూడవ బల్లపై పదునొకండు ఆటలాడి తొమ్మిది గెలిచెను, రెండు సరిచేసెను, ఒక్కటియు ఓడలేదు. మన జట్టు స్వర్ణము పొందెను. ఆ సంవత్సరము డిసెంబరు పట్టికలో ఈతని రేటింగు 2801. విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటిన భారతీయుడు ఈతడే. ఇట్టివాడు 2500 రేటింగు గల ఆటగానితో కూర్చుండెననుకొందము. తేడా 300. ఆశించినది 0.85. ఆట సరియైనచో లోటు 0.35, పోవునది 3.5 పాయింట్లు. దానిని తిరిగి తెచ్చుకొనుటకు అదే బలము గల రెండు ఆటలు గెలిచినను చాలదు. ఒక గెలుపునకు వచ్చునది 1.5 మాత్రమే గదా! మూడు గెలువవలెను. అందుచేతనే పెద్ద రేటింగు గలవారు తమకంటె తక్కువవారు వచ్చు బహిరంగ పోటీలకు వెనుకాడుదురు. బలహీనునకు సరి ఆట కొసరు వంటిది. బలవంతునికి అది తరుగు.

ఇక బలహీనుడు బలవంతుని నిలువరించు ఉపాయములు. మొదట నియమములను గుర్తు చేసికొందము. ఆట సరియగుటకు అయిదు ద్వారములున్నవి. ఎత్తు వేయవలసినవాని రాజునకు షా లేదు గాని, వేయుటకు నియమమునకు లోబడిన ఎత్తు ఒక్కటియు లేనప్పుడు ఆట సరి. ఒకే స్థితి మూడుమారులు వచ్చినచో ఆటగాడు సరి కోరవచ్చును. అయిదుమారులు వచ్చినచో ఎవరును కోరకున్నను సరి. ఇరువురును చెరి యేబది ఎత్తులు వేసియు ఏ బంటును కదలక, ఏ పావును చావకున్న సరి కోరవచ్చును. డెబ్బదియైదు అయినచో దానంతటదియే సరి. ఆటకట్టు చేయుటకు చాలినంత బలము ఇరువైపుల లేనప్పుడు సరి. తుదకు, ఇరువురును ఒప్పుకొన్నచో సరి.

ఈ నియమములలో మొదటిది విచిత్రమైనది. ఎత్తు లేక చిక్కుపడినవాడు ఓడినట్లు కదా అని సామాన్యునికి తోచును. ఇంగ్లండునందు ఒకప్పుడు అట్లు చిక్కుపరచినవాడే ఓడినట్లు లెక్కించెడివారు! పందొమ్మిదవ శతాబ్దారంభమున అది సరి ఆటగా స్థిరపడినది. ఈ నియమమే బలహీనునకు పెట్టనికోట. ఎదుటివాడు ఎంత బలము కూడబెట్టినను, చివరి అడుగున జాగ్రత్త తప్పినచో చేతికందిన గెలుపు జారిపోవును.

ఇంట చదరంగపు బల్ల ఉన్నవారు ఇప్పుడు దానిని ముందు పెట్టుకొనుడు. బొమ్మ లేకయే, మాటలతో ఒక స్థితిని వివరింతుము. తెల్లవాని వైపునుండి గళ్ళు లెక్కించుడు. ఆట ఆరంభమున రాజు నిలుచు నిలువు వరుసనే తీసికొనుడు. అందు నాలుగవ గడిలో తెల్ల బంటును, అయిదవ గడిలో తెల్ల రాజును, ఏడవ గడిలో నల్ల రాజును ఉంచుడు. బల్లపై ఇంకేమియు లేదు. ఆరవ గడి ఇరువురు రాజుల నడుమ ఖాళీగా నున్నది. తెల్లవానికి ఒక బంటు అధికము. అది ఎనిమిదవ గడి చేరినచో మంత్రి యగును, ఆట ముగియును. ఇప్పుడు ఎత్తు తెల్లవానిది.

తెల్ల రాజు మంత్రి వైపునకు ఒక గడి జరిగినాడు. నల్ల రాజును అదే వైపునకు ఒక గడి జరిగి, మరల ఎదురుగా నిలువవలెను. తెల్లవాడు బంటును అయిదవ గడికి త్రోసినాడు. నల్ల రాజు తన పాతచోటునకు, బంటు వరుసలోని ఏడవ గడికి తిరిగి రావలెను. బంటు ఆరవ గడికి వచ్చినది. ఇచటనే అసలు పరీక్ష. నల్ల రాజు వెనుకకు తగ్గక తప్పదు. వెనుక మూడు గళ్ళున్నవి. తిన్నగా వెనుకకు, బంటు వరుసలోని ఎనిమిదవ గడికి పోయినచో ఆట సరి. కుడికి గాని ఎడమకు గాని వాలినచో ఓటమి. ఎందుకో చూడుడు. తిన్నగా వెనుకకు పోయినవాడు, తెల్ల రాజు ఆరవ వరుసకు వచ్చినప్పుడు దానికి ఎదురుగా ప్రక్కగడికి జరుగగలడు. అప్పుడు బంటు ఏడవ గడికి వచ్చి షా ఇచ్చును. నల్ల రాజు బంటు ఎదుటికి, ఎనిమిదవ గడికి వచ్చును. తెల్లవానికి రెండే దారులు: బంటును వదలుకొనుట, లేదా రాజును దాని వెనుకకు తెచ్చి కాపాడుట. కాపాడినచో నల్ల రాజునకు కదలుటకు చోటు లేదు, షా కూడ లేదు. ఆట సరి.

ఈ స్థితిలో ఇంకొక వింత యున్నది. మొదటి స్థితిని మరల పేర్చి, ఎత్తు తెల్లవానిదిగా గాక నల్లవానిదిగా నుంచుడు. ఇప్పుడు నల్లవాడు ఎదురు నిలిచిన చోటును తానే వదలి ప్రక్కకు తొలగవలెను. తెల్ల రాజు రెండవ ప్రక్కనుండి ముందుకు చొచ్చుకొనిపోవును. బంటు మంత్రి యగును. పావులు అవియే, గళ్ళు అవియే. ఎవరి వంతు అనునదొక్కటే గెలుపును సరి ఆటనుండి వేరుచేయుచున్నది. మోండా మార్కెటు బేరమున కూడ ముందుగా ధర పలికినవాడు తరచుగా తగ్గవలసి వచ్చును గదా!

రెండవ స్థితి మరింత ఆశ్చర్యకరము. తెల్లవానికి రాజు, ఒక శకటు, ఒక బంటు; నల్లవానికి ఒంటరి రాజు. శకటు, బంటు రెండును అధికముగా నున్నవాడు గెలువడా? ఆ బంటు రాజు ప్రక్కనున్న అంచు వరుసలోనిదై, శకటు తెల్లగళ్ళలో తిరుగునదై, నల్ల రాజు ఆ వరుస చివరి మూలగడికి ముందే చేరియున్నచో గెలువడు. ఆ మూలగడి నల్లగడి. తెల్లగళ్ళ శకటు దానిని ఎన్నటికిని తాకలేదు. నల్ల రాజు మూలగడికిని ప్రక్కగడికిని నడుమ తిరుగుచుండును. వానిని మూలనుండి తరుముట సాధ్యము కాదు. గట్టిగా బిగించినచో ఎత్తులేని స్థితి వచ్చి ఆట సరియగును. ఇది తెలిసిన బలహీనుడు, ఓడిపోవు ఆటలో కూడ తన చివరి గుర్రమును సరియైన బంటునకు బదులిచ్చి, అంచు బంటును మాత్రమే మిగిల్చి, తన రాజును ఆ మూలకు పరుగెత్తించును. తెలియనివాడు ఆ గుర్రమును కాపాడుకొనుచునే ఓడును.

ఇట్టి జ్ఞానము ఒక దినమున రాదు. కాని ఇది పుట్టుకతో వచ్చు ప్రతిభ కూడ కాదు. శ్రద్ధ గలవాడు ఎవడైనను నేర్వదగినది. బలవంతుడు ఆరంభములోను, నడిమి ఆటలోను మనకంటె దూరము చూడగలడు. ఆట చివర, పావులు తగ్గిపోయి నాలుగైదు మిగిలినప్పుడు, వానికి తెలిసినది మనకును తెలిసియుండవచ్చును. అచట ఇరువురును సమానులే. కావున తక్కువ బలము గలవాడు అన్నిటికంటె ముందుగా ఆట చివరి స్థితులను అభ్యసింపవలెనని మా అభిప్రాయము.

మోండా మార్కెటులో ఒక మధ్యాహ్నమును ఊహింతము. ఉదయపు బేరములు ముగిసినవి; సాయంకాలపువి మొదలు కాలేదు. ఉల్లిగడ్డల బస్తాల నీడన అట్టబల్ల పరచియున్నది. ఒక వైపున ముప్పది ఏండ్లుగా ఆడుచున్న వ్యాపారి. రెండవ వైపున కళాశాలకు పోవు కుర్రవాడు. చుట్టును నలుగురు హమాలీలు నిలిచి చూచుచున్నారు. పెద్దాయన ఒక బంటు గెలిచినాడు. అందరును ఆట అయిపోయినదనియే తలచిరి. కుర్రవాడు మాత్రము పావులను ఒక్కొక్కటిగా మార్పిడి చేసికొనుచు, రాజులును ఒక బంటును మిగులు వరకు ఓర్చుకొన్నాడు. బంటు ఆరవ గడికి వచ్చినప్పుడు రాజును తిన్నగా వెనుకకు జరిపినాడు. పెద్దాయన బల్లవైపు చాలసేపు చూచి, నవ్వి, చేయి చాపినాడు. "నేర్చినావురా!" అన్నాడు. ఆ కుర్రవాడు గెలువలేదు. కాని ఆ మాటను వాడు ఎంతకాలము దాచుకొనునో ఆడినవారికే తెలియును.

ఇంతవరకు పోరాడి సాధించిన సరి ఆటను గూర్చి చెప్పితిమి. అడిగి పుచ్చుకొన్న సరి ఆట ఇంకొకటి యున్నది. దానిని గూర్చి మా అనుభవము చెప్పక తప్పదు. మా యౌవనమున ఒక పోటీలో మాకంటె ఎంతో బలవంతునితో ఆడవలసి వచ్చినది. ఆట నడుమ ఆయన ఎత్తు వేసి, తలయెత్తి, "డ్రాకు ఒప్పుకొందువా?" అని మెల్లగా అడిగినారు. మాకు ఆనందముతో ఊపిరి ఆడలేదు. బల్లవైపు తిరిగి చూడకయే చేయి కలిపితిమి. ఇంటికి వచ్చి ఆటను మరల పేర్చి చూచినప్పుడు తెలిసినది: ఆ స్థితిలో మేమే గెలుచుచుంటిమి. ఆయనకు ఆ సంగతి తెలియును, అందుకే అడిగినారు. ఆయన తప్పేమియు లేదు, నియమము అందుకు అంగీకరించినదే. తప్పు మాది. మేము బల్లపై పావులను చూడక, ఎదుటివాని పేరును చూచితిమి. అర పాయింటు దొరికినదన్న సంతోషము ఆ రాత్రితోనే పోయినది. పోగొట్టుకొన్న అర పాయింటు ఇన్నేండ్లైనను మరపునకు రాలేదు.

కావున పిల్లలకు మేము చెప్పు సలహా ఇది. బలవంతుడు సరి ఆట అడిగినప్పుడు ఒప్పుకొనుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈయన ఎందుకు అడుగుచున్నాడు? అడిగినవాని ప్రతిపాదము మనము ఎత్తు వేయునంతవరకు నిలిచియుండును, తొందర లేదు. గడియారము మాత్రము నడుచుచుండును. సికింద్రాబాదు గడియార స్తంభమున గడియారము ఒక్కటే, అందరికిని ఒకే కాలము. చదరంగపు పోటీలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గడియారము. 1883లో లండను పోటీనుండి ఈ జంట గడియారములు వాడుకలోనికి వచ్చినవి. మన కాలమును మనము వెచ్చించి ఆలోచించుట మన హక్కు.

పోరాడకయే ఒప్పుకొను సరి ఆటలను చూచి విసిగిన నిర్వాహకులు కొన్ని కట్టుబాట్లు కూడ చేసిరి. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన పోటీలో ఆటగాండ్రు తమలో తాము సరి ఆటకు ఒప్పుకొనుటను నిషేధించిరి. ఇప్పుడు కొన్ని పోటీలలో ముప్పది లేక నలుబది ఎత్తులకు ముందు సరి అడుగరాదను నియమము గలదు. సరి ఆటలు పెరిగిపోవుట పెద్దల పోటీలలో పాత సమస్యయే. 1984లో ఆరంభమైన కార్పోవ్, కాస్పరోవుల ప్రపంచ పోరున నలుబదియెనిమిది ఆటలలో నలుబది సరియైనవి. 1985 ఫిబ్రవరిలో ఆ పోరును ముగింపు లేకయే నిలిపివేసిరి. 2018లో కార్ల్‌సన్, కరువానాల పోరున పన్నెండు సుదీర్ఘపు ఆటలును సరియే. కాని అవి సమబలుల సరి ఆటలు. అసమానుల సరి ఆటలో ఉండు ఉత్కంఠ వేరు.

తెలుగునేలకు ఇంకొక గౌరవము గలదు. భారతదేశపు తొలి జాతీయ చదరంగ పోటీ 1955లో జరిగినది మన ఏలూరులోనే. అందు రామచంద్ర సప్రే, డి. వెంకయ్య ఇరువురును సమముగా నిలిచి కిరీటమును పంచుకొనిరి. మన దేశపు తొలి జాతీయ విజేతల పేర్లు వ్రాయవలసి వచ్చినప్పుడెల్ల రెండు పేర్లు వ్రాయవలసినదే. ఆ పోటీ ఫలితమును సరి యని చెప్పుటకు నాడు ఎవరును సిగ్గుపడలేదు.

మన ఇండ్లలో తలిదండ్రులకు మా విన్నపము ఒక్కటే. పిల్లవాడు పోటీనుండి వచ్చి "డ్రా" అన్నప్పుడు, "అయ్యో" అనకుడు. వానిని కూర్చుండబెట్టి, బల్ల తెప్పించి, ఆటను మొదటినుండి పేర్చి చూపుమనుడు. ఎదుటివాడు ఎంతటివాడో అడుగుడు. ఎచట భయము వేసినది, ఎచట తేరుకొన్నాడు, చివర ఎవరు సరి అడిగినారు అని అడుగుడు. చూపుట మొదలుపెట్టిన పిల్లవాడు అన్నము మాటయే మరచును. తనకంటె పెద్ద బరువును తాను ఎట్లు తూచి నిలిపినాడో వాడే చెప్పును. అర పాయింటు వెనుక దాగిన ఆ నాలుగు గంటలు అప్పుడు ఇంటిల్లిపాదికిని తెలియును.